సూర్యారావుపేట స్కాన్ సెంటర్ల వాళ్ళకి ఆటోనగర్ నుంచి ఒక ఉత్తరం

విజయవాడలో ఎమ్మారై మిషన్లు పెట్టుకుని సెంటర్లు నడిపే ఓనర్లకి, లోపల కూర్చుని స్కాన్ తీసే టెక్నీషియన్లకి, రిసెప్షన్లో ఫోన్లు ఎత్తే పిల్లలకి, అందరికీ నమస్కారం అండి.

నేను ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు నడుపుతా. ఇరవై ఏళ్ళ పైనే అయింది వెల్డింగు, గ్రైండింగు పనిలో. చదువు టెన్త్ దాకానే, కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకుపోండి. కోపంతో రాస్తున్నానా అంటే, కొంచెం ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ తిట్టడానికి రాయట్లేదు. అడగడానికి రాస్తున్నా.

మొన్న ఎండాకాలం నడుం పట్టేసింది. మామూలుగా పట్టేసేదే అనుకుని జండూబామ్ రాసుకుని రెండు వారాలు ఊరుకున్నా, తర్వాత కుడి పిర్ర దగ్గర మొదలై మడమ దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగుతుంటే ఇక లాభం లేదని డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే నడుముకి ఎమ్మారై తీయించుకు రమ్మన్నారు. సరే, సూర్యారావుపేటలో సెంటర్లకి కొదవా, ఒకచోటికి వెళ్ళా, పేరు చెప్పను. డబ్బులు కట్టా. ఒక కాగితం ఇచ్చి ఇక్కడ టిక్కులు పెట్టి కింద సంతకం చెయ్యండి అన్నారు. కాగితం మొత్తం ఇంగ్లీషు. అందులో ఒక లైన్లో ఫారిన్ బాడీ ఏమైనా ఉందా అని ఉంది. నాకేం అర్థమైందంటే, కరోనా టైంలో ఎక్కడికి వెళ్ళినా ఫారిన్ వెళ్ళొచ్చారా అని అడిగేవాళ్ళు కదా, అలాంటిదేదో అనుకున్నా. నేను ఈ మధ్య తిరుపతి తప్ప ఎక్కడికీ పోలేదు, నో అని టిక్ కొట్టేశా.

నవ్వొస్తుంది కదా. తర్వాత అర్థం తెలిసినాక నాకు నవ్వు రాలేదు.

ఫారిన్ బాడీ అంటే ఒంట్లోకి బయట నుంచి వచ్చి ఇరుక్కున్న ముక్క అంట. ఇనుప రజను లాంటిది. నేను చేసే పని ఏంటి? గ్రైండర్. కంట్లో రజను పడటం మాకు చేతికి మసి అంటుకోవటం లాంటిది, కుర్రాళ్ళప్పుడు కళ్ళజోడు ఎవడు పెట్టుకున్నాడు, పడితే పక్క షెడ్డు పెద్దాయన రుమాలు మొన తిప్పి తీసేవాడు, ఆయన వల్ల కాకపోతే కంటి ఆస్పత్రికి పోయేవాళ్ళం. వచ్చిందో, కొంచెం లోపలే ఉండిపోయిందో ఎవడికి తెలుసు. అలాంటోణ్ణి తీసుకెళ్ళి భూమికుండే అయస్కాంత శక్తికి ముప్పై వేల రెట్లున్న మిషన్లో పడుకోబెడితే ఆ ముక్క ఊరుకుంటుందా? 1986లో అమెరికాలో డాక్టర్ల పత్రికలో ఒక కేసు రాశారంట, రేకుల పని చేసిన మనిషి, కంట్లో ముక్క ఉందని ఆయనకే తెలీదు, ఎమ్మారై తీశాక లోపల రక్తం కారి ఆ కన్ను పోయింది. అందుకే ఇలాంటి పని చేసేవాళ్ళకి డౌటుంటే ముందు కళ్ళకి ఎక్స్‌రే తీసి చూస్తారు. చిన్న ఎక్స్‌రే అండి, ఎంతసేపు పడుతుంది.

నన్ను ఎవరూ అడగలేదు. ఏం పని చేస్తారు అని ఒక్క మాట అడిగితే చాలు, నా చేతులు చూసినా తెలిసిపోతుంది. విజయవాడలో సెంటర్ పెట్టి, ఆటోనగర్ నుంచి ఎంతమంది వస్తారో తెలిసీ, ఆ ప్రశ్న తెలుగులో లేకపోతే ఎట్లా?

ఆ రోజు నా అదృష్టం, కంటికి ఏమీ కాలేదు. స్కాన్ మాత్రం సరిగ్గా మొదలు కాకముందే ఆగిపోయింది. ఎందుకు ఆగిందంటే నేను భయపడి ఆపించా. చెప్పుకోవటానికి సిగ్గేం లేదు. లారీ కింద జాకీ పెట్టి గంటలు గంటలు పడుకునే మనిషిని, ఆ గొట్టంలోకి పోగానే గుండె దడదడలాడింది. బల్ల మీద పడుకోమన్నారు, పడుకున్నా, చెవులకి ఏదో తగిలించారు, చేతిలో రబ్బరు బుడ్డ లాంటిది పెట్టారు, అదెందుకో చెప్పలేదు. కదలొద్దు అన్నారు, అంతే, తలుపు వేసుకుని వెళ్ళిపోయారు. ఎంతసేపు? తెలీదు. బయట ఎవరైనా ఉన్నారా? తెలీదు. ఇంతలో ఒక్కసారిగా డబడబడబ అని మొదలైంది చూడండి, మిషన్ ఏదో ఊడిపోతుంది, నా మీద పడుతుంది అనుకున్నా. అరిచా. చేతిలో బుడ్డ నొక్కితే వాళ్ళకి బెల్లు మోగుతుందని నాకు తెలిస్తే కదా. చివరికి వచ్చి బయటికి లాగి, ఏంటండీ ఇంత పెద్దాయన అయ్యుండి, అన్నారు. ఇంత పెద్దాయన అంట. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు, అది వేరే సంగతి, వదిలెయ్యండి.

పది రోజుల తర్వాత ఇంకో సెంటర్కి వెళ్ళా. వెళ్ళే ముందు రాత్రి నిద్ర పట్టలేదు. అక్కడ ఒక కుర్రాడు, టెక్నీషియనే, పాతికేళ్ళు ఉంటాయేమో, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అన్నా ఏం పని చేస్తావ్ అన్నాడు. మొదటి ప్రశ్నే అది. చెప్పా. కంట్లో ఎప్పుడన్నా రజను పడిందా అన్నాడు. పడని రోజు ఏది తమ్ముడూ అన్నా. అయితే ముందు ఎక్స్‌రే, అన్నాడు. తీయించా, ఏమీ లేదని తేలాకే లోపలికి రానిచ్చాడు. అప్పుడు అడిగాడు గుండెకి పేస్‌మేకర్ ఉందా, చెవిలో మిషన్ ఉందా, తలకి ఆపరేషన్ అయ్యి క్లిప్పులేమన్నా వేశారా, ఎముకల్లో రాడ్లు స్క్రూలు ఉన్నాయా, గుండెకి స్టెంట్ వేశారా అని. కాలికి రాడ్ ఉంటే తీయకూడదా అని అడిగా, మా బావమరిదికి ఉంది కదా. చాలామందికి తీయొచ్చన్నా, ఇప్పుడు వేసే టైటానియం అయస్కాంతానికి లాగదు, కాకపోతే ఆ చుట్టూ బొమ్మ చెదిరిపోయినట్టు వస్తది, అందుకే ఆపరేషన్ కాగితాలు తెచ్చుకోమంటాం అన్నాడు. పేస్‌మేకర్లలో కూడా ఇప్పుడు ఎమ్మారైకి పనికొచ్చేవి ఉన్నాయి, కార్డు చూసి గుండె డాక్టర్ని అడిగి తీస్తారు, పాతవి అయితే మామూలుగా కుదరదు. ఇవన్నీ నాకు తెలుగులో, నిలబడి కాదు, పక్కన కూర్చుని చెప్పాడు. ఎంతసేపు పట్టిందంటారు? టీ తాగినంత సేపు.

తర్వాత లోపల ఏం జరుగుద్దో చెప్పాడు. అన్నా ఇది ఎక్స్‌రే కాదు, సీటీ కాదు, ఇందులో వాటిల్లో లాంటి రేడియేషన్ లేదు, అయస్కాంతం, రేడియో తరంగాలు, అంతే. నీ ఒంట్లో నీళ్ళున్నాయి కదా, ఆ నీళ్ళలో ఉండే హైడ్రోజన్ ఇచ్చే సిగ్నల్ పట్టుకుని కంప్యూటర్ బొమ్మ గీస్తది అన్నాడు. నాకు సగమే ఎక్కింది కానీ భయం మాత్రం దిగింది. పాతికో ముప్పై నిమిషాలో పడుతుంది అన్నాడు. ఒకేసారి కాదు, నాలుగైదు విడతలు, ఒక్కో విడత రెండు నుంచి ఐదు నిమిషాలు, మధ్యలో ఆగుతుంది, ఆగినప్పుడు అయిపోయిందనుకుని లేవొద్దు, దగ్గు వస్తే అప్పుడు దగ్గు, సౌండు వచ్చేటప్పుడు మాత్రం కదిలితే ఆ విడత మొత్తం మళ్ళీ తీయాలి. గొట్టం రెండు పక్కలా తెరిచే ఉంటది, లోపల లైటు ఉంటది, ఫ్యాను గాలి వస్తది, నేను అద్దం అవతల నుంచి చూస్తూనే ఉంటా, మధ్య మధ్యలో మైకులో పలకరిస్తా, బుడ్డ నొక్కితే ఎప్పుడైనా వచ్చేస్తా. కళ్ళు లోపలికి వెళ్ళాక మూసుకోవటం కాదన్నా, బల్ల కదలకముందే మూసుకో, బయటికి వచ్చేదాకా తెరవకు, అన్నాడు. ఈ ఒక్క ముక్క బంగారం అండి. మొహం మీద చిన్న గుడ్డ కూడా వేశాడు. మోకాళ్ళ కింద దిండు పెట్టాడు, నడుం నొప్పి సగం అక్కడే తగ్గింది. చేతులు ఒకదాని మీద ఒకటి వేసుకోవద్దు, కాళ్ళు మెలేసుకోవద్దు, చర్మానికి చర్మం తగిలితే ఆ చోట కాలే ప్రమాదం ఉంది, అని మధ్యలో గుడ్డలు పెట్టాడు. మొదటి సెంటర్లో ఇది కూడా ఎవరూ చెప్పలేదు, నేను దణ్ణం పెట్టుకున్నట్టు చేతులు ముడుచుకుని పడుకున్నా!

ఇక సౌండు గురించి. సౌండు మా సబ్జెక్టు కదా, కొంచెం ఎక్కువ చెప్తా. ముందు మొదలయ్యే లోపే చిక్.. చిక్.. చిక్ అని గడియారం పిట్టలా ఒకటి వస్తా ఉంటది, అది స్కాన్ కాదంట, లోపల అయస్కాంతం తీగల్ని చల్లగా ఉంచే హీలియం పంపు, మైనస్ 269 డిగ్రీలంట, అది రాత్రీ పగలూ ఆగదు. తర్వాత టకటకటక అని సుత్తితో రేకు సాపు చేసినట్టు, ఆపైన గూఁ అని హారన్ ఇరుక్కుపోయినట్టు, తర్వాత డ్రిల్లింగ్ మిషన్ కాంక్రీట్లో దిగినట్టు. వంద డెసిబెల్స్ దాటుద్ది, అందుకే చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు పెట్టి పైన హెడ్‌ఫోన్ వేస్తారు. ఎందుకొస్తుంది ఈ గోల అని అడిగా. లోపల రాగి తీగల చుట్లు ఉంటాయంట, వాటిల్లో కరెంటు గబగబా ఆన్ ఆఫ్ చేస్తుంటే ఆ పెద్ద అయస్కాంతం వాటిని గుంజుద్ది, అవి అదిరి కొట్టుకుంటాయి. అంటే ఏదీ విరగట్లేదు, ఏదీ ఊడట్లేదు, పని చేస్తున్నప్పుడు వచ్చే సౌండే. కంప్రెసర్ సౌండ్ తెలిసినోడు కంప్రెసర్ పక్కనే నిద్రపోతాడు. నేను కూడా మూడో విడతలో నిద్రపోయా, నిజం, గురక పెట్టానంట, ఆ కుర్రాడే మైకులో లేపాడు. ఒళ్ళు కొంచెం వెచ్చబడుతుంది, అది కూడా ముందే చెప్పాడు కాబట్టి కంగారు పడలా.

మనిషి అదే, నడుం అదే, గొట్టం కూడా ఇంచుమించు అదే. మొదటిసారి నాలుగు నిమిషాలు కూడా ఉండలేకపోయా, రెండోసారి గురక పెట్టా.

ఇప్పుడు మా పిన్ని సంగతి. తెనాలి నుంచి తలనొప్పికి మెదడు స్కాన్ రాస్తే నేనే తీసుకొచ్చా, దగ్గర్లో ఖాళీ ఉందని ఇంకో సెంటర్కి. ఫోన్లో ఏం చెప్పారు? తొమ్మిదింటికి రండి, ఏమీ తినకుండా రండి. అంతే. షుగర్ ఉందా అని అడగలేదు. పిన్ని పొద్దున్నే షుగర్ బిళ్ళ వేసుకుని ఖాళీ కడుపుతో బయల్దేరింది, లోపలికి పిలిచేసరికి ఒంటిగంటన్నర. చెమటలు పట్టి కళ్ళు తిరుగుతుంటే గ్లూకోజ్ బిస్కెట్లు పెట్టా. అండీ, మామూలు ఎమ్మారైకి చాలా వాటికి పస్తు అక్కర్లేదంటారు, పొట్ట స్కాన్ అయితేనో మందు ఎక్కించేదైతేనో ఒక నాలుగు గంటలు ఆగమంటారు. అందరికీ ఒకటే మాట చెప్పేస్తే మీకు సులువే, మా ముసలోళ్ళకి కాదు.

సరే, లోపలికి పిలిచి నగలన్నీ తీసెయ్యండి అన్నారు. అక్కడ మొదలైంది అసలు గొడవ. పుస్తెల తాడు తీయమంటే పిన్ని తీయదు. బాబాయి బతికుండగా తీయటం ఏంట్రా అని ఏడుపు. బంగారాన్ని అయస్కాంతం లాగదు పిన్నీ అంటే వినొచ్చేమో కానీ ఆ తాడుకి పిన్నీసుల గుత్తి ఉంటది కదా, మన ఆడవాళ్ళందరికీ ఉంటది, అవి ఉక్కు, రివ్వున ఎగిరిపోతాయి. పైగా మెడ దగ్గర ఏ లోహం ఉన్నా వేడెక్కొచ్చు, బొమ్మ కూడా చెడుద్ది. అక్కడున్న నర్సమ్మేమో తొందరగా తీయండమ్మా వెనక జనం ఉన్నారు అని ఒకటే కేక. చివరికి నేను ఏలూరు రోడ్డు దాకా పరిగెత్తి పచారీ కొట్లో ఒక పసుపు కొమ్ము, దారం పట్టుకొచ్చా. పసుపు రాసిన దారానికి కొమ్ము కట్టి మెళ్ళో వేశాకే పుస్తెలు తీసింది. దీనికి పావుగంట. ముందు రోజు ఫోన్లో, అమ్మా పుస్తెలు తీయాల్సి వస్తది, పసుపు కొమ్ము తెచ్చుకోండి అని చెప్పుంటే ఇంటి దగ్గరే కట్టుకుని వచ్చేది కదా. పసుపు కొమ్ముని ఏ అయస్కాంతమూ లాగదు. మీ రిసెప్షన్లో ఒక డబ్బాలో నాలుగు కొమ్ములు, దారపుండ పెట్టుకుంటే ఎంతవుద్ది చెప్పండి.

మెట్టెలు ఇంకో కథ. ముప్పై ఏళ్ళ నాటివి, వేళ్ళు వాచి ఇరుక్కున్నాయి, సబ్బు రాసినా రాలేదు. ఆఖరికి నేనే దారం చుట్టి తిప్పి తీశా, షెడ్డులో బేరింగులు తీసే తెలివి పనికొచ్చింది. ముక్కుపుడక, చెవి దుద్దులు, జడ పిన్నులు, జాకెట్టు హుక్కులు, జరీ చీర, ఇవన్నీ ముందే చెబితే మామూలు నూలు చీర కట్టుకుని ఖాళీ చెవులతో వస్తారు. మగాళ్ళకి కూడా చెప్పండి, మొలతాడుకి తాయెత్తు ఉంటది, బనీను జేబులో తాళం చెవి ఉంటది, పర్సులో ఏటీఎం కార్డు ఉంటది, లోపలికి తీసుకెళ్తే కార్డు పాడైపోద్ది. కట్టుడు పళ్ళు, చెవిటి మిషన్, ఒంటికి అంటించే మందు ప్యాచ్‌లు, ఈ మధ్య షుగర్ చూడటానికి చేతికి అంటిస్తున్నారు కదా అది కూడా.

పిన్నికి మందు ఎక్కించాలన్నారు, గాడోలినియం అని, బొమ్మ ఇంకా స్పష్టంగా రావటానికి నరానికి ఎక్కించేది. సంతకం పెట్టమన్నారు, మళ్ళీ ఇంగ్లీషు కాగితం. ఈసారి నేను ఊరుకోలా, కిడ్నీ టెస్ట్ చూడరా అని అడిగా, క్రియాటినిన్ రిపోర్ట్ నా దగ్గర ఉంది కాబట్టి చూపించా. కిడ్నీలు బాగా దెబ్బతిన్న వాళ్ళకి ఆ మందు ఒంట్లోంచి సరిగ్గా పోదు, కొన్ని రకాల వల్ల చర్మం గట్టిపడే జబ్బు కూడా వచ్చిన సందర్భాలున్నాయి, అందుకే ముందు చూడాలి. ఏ.కొండూరు తండాల నుంచి కిడ్నీ పేషెంట్లు వచ్చే ఊరండి మనది, వాళ్ళకి ఈ ప్రశ్న తెలుగులో అడగాలా వద్దా? ఎక్కించేటప్పుడు చేతిలో చల్లగా పాకుతుంది, ఒక్కోసారి నోట్లో ఇనుము రుచి వస్తది, కాస్త వికారం అనిపించొచ్చు, దురదలు గానీ ఆయాసం గానీ వస్తే వెంటనే బుడ్డ నొక్కాలి, ఇది చెప్పటానికి అరనిమిషం. మెదడు స్కాన్లో తలకి పంజరం లాంటిది బిగిస్తారు, అది చెప్పకుండా బిగిస్తే అరవై ఏళ్ళ మనిషి ఎందుకు హడలిపోదు. పిన్ని చెయ్యి పట్టుకుని నేను లోపలే ఉంటానని బతిమాలా, జేబులన్నీ ఖాళీ చేసి, బెల్టు తీసి, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని. నా కంటి ఎక్స్‌రే చూపించాకే ఒప్పుకున్నారు, ఆ మాత్రం జాగ్రత్త అక్కడ కనిపించినందుకు సంతోషం వేసింది.

లోపల నిలబడినప్పుడు ఒకటి గమనించా. వార్డు బాయ్ ఒకాయన ఇనుప వీల్‌ఛైర్ తోసుకుంటూ తలుపు దాకా వచ్చేశాడు, స్కాన్ అయిపోయింది కదా మిషన్ ఆగిందనుకున్నాడు. ఆ అయస్కాంతం ఆగదు, స్కాన్ నడిచినా నడవకపోయినా, కరెంటు పోయినా అది అలాగే ఉంటది. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆస్పత్రిలో పేషెంటు బంధువు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్తే మిషన్ లాగేసుకుని ఆయన చనిపోయాడు, పేపర్లలో వచ్చింది. ముప్పై రెండేళ్ళ మనిషి. పేషెంటు కూడా కాదు, సాయానికి వచ్చినోడు. కాబట్టి పేషెంటుకే కాదండి, మాలాంటి వెంట వచ్చేవాళ్ళకి, మీ సొంత వార్డు బాయ్‌లకి కూడా చెప్పాలి.

మీరు అనొచ్చు, రోజుకి ఇన్ని కేసులు, ఒక్కొక్కరికి కూర్చుని చెప్పే టైం ఎక్కడిది అని. నా లెక్క చెప్తా. నేను భయపడి ఆపించినప్పుడు మీ మిషన్ ఎంతసేపు ఖాళీగా ఉంది? పిన్ని పుస్తెల కోసం ఎంతసేపు? కదిలారని మళ్ళీ తీసిన విడతలు ఎన్ని? షెడ్డులో కొలత సరిగ్గా తీయకుండా రేకు కోస్తే ఆ రేకు ఎవడికీ పనికిరాదు, కొలతకి పట్టే టైం చూసుకుంటే కుదరదు.

రిపోర్టు గురించి ఒక్క మాట. ఎల్ ఫోర్ ఎల్ ఫైవ్ డిస్క్ బల్జ్ అని రాసిచ్చారు, అంటే నడుం దగ్గర రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ కొంచెం ఉబ్బిందని, ఇంటికెళ్ళి ఫోన్లో వెతికితే ఇక కాళ్ళు పడిపోతాయేమో అనిపించింది. డాక్టర్ గారు చూసి నవ్వి, నీ వయసులో నొప్పి లేనోళ్ళకి తీసినా చాలామందికి ఇది కనబడుద్దయ్యా, నీ నొప్పితో కలిపి చూడాలి గానీ కాగితం ఒక్కటే చూసి భయపడకూడదు అన్నారు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, వ్యాయామం చేస్తున్నా, ఇప్పుడు బానే ఉన్నా. రిపోర్టు కవరు మీద, డాక్టర్ గారికి చూపించకముందు దీన్ని చదివి కంగారు పడొద్దు అని తెలుగులో ఒక లైను వేయిస్తే నాలాంటోళ్ళు రెండు రాత్రులు నిద్రపోతారు.

అడిగేవి ఇవే అండి. ఆ ఇంగ్లీషు కాగితం తెలుగులో పెట్టండి, తెలుగంటే గవర్నమెంటు జీవోలో ఉండే తెలుగు కాదు, "లోహ సంబంధిత అన్య పదార్థములు" అని రాస్తే అది ఇంగ్లీషు కన్నా కష్టం, కంట్లో ఎప్పుడన్నా ఇనుప రజను పడిందా అని రాయండి. చదవలేని వాళ్ళకి చదివి వినిపించండి. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఫోన్లో షుగర్, కిడ్నీ, నగలు, చీర సంగతి చెప్పండి. ఆడవాళ్ళని కడుపుతో ఉన్నారేమో మెల్లగా, పదిమంది ముందు కాకుండా అడగండి. మరీ భయపడే వాళ్ళకి డాక్టర్ గారిని అడిగి నిద్ర మందు ఇచ్చి తీసే దారి ఉందని చెప్పండి, అలా ఇస్తే బండి నడపకుండా ఇంటికి తీసుకెళ్ళే మనిషిని తెచ్చుకోమని కూడా చెప్పండి. గుంటూరు కొత్తపేటలో సెంటర్లు నడిపేవాళ్ళు కూడా ఇది చదివితే మంచిదే, పల్నాడు నుంచి వచ్చే జనం అంతా అక్కడికేగా.

ఇంకోటి, హాల్లో ఒక బోర్డు పెట్టండి, లోపల ఏం జరుగుద్దో, ఎన్ని నిమిషాలో, ఏ సౌండ్లు వస్తాయో, బుడ్డ ఎందుకో. మా షెడ్డులో లారీల మీద అక్షరాలు రాసే పెయింటర్ ఉన్నాడు, చెయ్యి తిరిగినోడు, పది అడుగుల దూరం నుంచి కళ్ళజోడు లేకుండా చదవొచ్చు ఆయన రాత. మేటర్ మీరు ఇవ్వండి, మీ డాక్టర్ గారితో సరిచూపించి ఇవ్వండి, ఏ సెంటర్ అయినా సరే, నేను ఉచితంగా రాయించి తెచ్చి తగిలిస్తా. రేకు మీద కాదులెండి, చెక్క మీదే.